నక్ష మన చేతికి రావాలె

(కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)



మన ఉద్యమం పాటతో, ధూంధాంతో ఊరూరికీ చేరింది. అది అందరికీ తెలిసిన ముచ్చటే. అయితే ఆ పాటకు ముందు ఒక లెక్క ఉంది. ఆ లెక్క వెనుక ఒక నక్ష ఉంది. ఉమ్మడి రాష్ట్రంలోని కృష్ణా పరీవాహక ప్రాంతంలో 68.5 శాతం, గోదావరి పరీవాహక ప్రాంతంలో 79 శాతం తెలంగాణదే అని జయశంకర్ సారు, విద్యాసాగర్ రావు సారు విడమరచి చెప్పిండ్రు. వాన పడితే ఏ గుట్ట మీది నీళ్లు ఏ వాగులోకి దిగుతయో గీసిన గీతల్లోంచి పుట్టిన అంకెలు అవి. బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి రాష్ట్రానికి ఇచ్చిన 811 టీఎంసీలలో మన వాటాగా చూపింది 299 టీఎంసీలే. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెడితే జరిగిన అన్యాయం చదువురానోడికి సైతం అర్థమైంది.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. కానీ మన ఊరి చెరువు నక్ష, మన అడవి నక్ష, మన పొలం హద్దుల నక్ష ఇంకా మన చేతికి రాలేదు. అవి ఆఫీసుల్లో, కన్సల్టెంట్ల కంప్యూటర్లలో ఉన్నయి. నీళ్ల నక్షను చదవడం నేర్చుకుని రాష్ట్రం తెచ్చుకున్న మనం ఊరి నక్షను చదవడం ఎందుకు నేర్చుకోవద్దు? ఈ పూట మేం మాట్లాడదలచుకున్నది దీని గురించే.

జీఐఎస్ అంటే ఏంది?

భౌగోళిక సమాచార వ్యవస్థ. పేరు పెద్దది గానీ సంగతి సులువే. 1960ల్లో కెనడా ప్రభుత్వం తన భూములన్నిటినీ లెక్కగట్టాలనుకున్నది. ఏ నేల సాగుకు పనికొస్తది, ఏది అడవిగా ఉండాలె, ఏది వన్యప్రాణులకు వదలాలె అనేది తేల్చాలె. వేల నక్షలను చేతితో పోల్చి చూడటం అయ్యే పని కాదు. అప్పుడు రోజర్ టామ్లిన్సన్ అనే భూగోళ శాస్త్రవేత్త నక్షలను కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఒకదాని మీద ఒకటి పరిచి చూసే పద్ధతి తయారుచేసిండు. అదే జీఐఎస్‌కు మొదలు.

మన ఊరికి దాన్ని అన్వయించి చూద్దాం. ఒక పారదర్శక కాగితం మీద ఊరి సర్వే నంబర్లు గీయండి. ఇంకొకదాని మీద చెరువులు, కుంటలు, ఒర్రెలు. మూడోదాని మీద ఎత్తుపల్లాలు. నాలుగోదాని మీద నేల రకం, అయిదోదాని మీద బోర్లు, బావులు. అన్నిటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తే ఏ సర్వే నంబరు మీదుగా వరద నీళ్లు పోతయో, ఏ కుంట ఎవరి పట్టాలోకి పోయిందో కనబడతది. కంప్యూటర్ చేసే పని ఇంతే. అయితే ప్రతి కాగితానికీ అక్షాంశ రేఖాంశాలు సరిగ్గా కుదరాలె. కుదరకపోతే చెరువు జరిగి పక్కోడి చేన్లో కూర్చుంటది.

ఈ విద్య మనకు పరాయిది కాదు. దేశానికి దూరసంవేదన కేంద్రమైన ఎన్ఆర్ఎస్‌సీ ఉన్నది హైదరాబాద్ బాలానగర్‌లో. ఉపగ్రహాలు పంపే చిత్రాలను అందుకునే కేంద్రం ఉన్నది షాద్‌నగర్‌లో. 1988లో మన దూరసంవేదన ఉపగ్రహం ఐఆర్ఎస్-1ఎ ఎగిరింది. 2009లో భువన్ వచ్చింది. దేశం మొత్తాన్ని చూసే కన్ను మన గడ్డ మీదనే ఉంది. ఆ గడ్డ మీద బతికే రైతుకు తన చేను నక్ష కావాలంటే మాత్రం ఇప్పటికీ ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తున్నది.

గుంటల లెక్కలో ఉపగ్రహం

ఉపగ్రహ చిత్రం చూపి ఎవరన్నా "ఇదే రుజువు" అంటే మనం అడగాల్సిన మొదటి ప్రశ్న: ఇందులో ఒక చుక్క ఎంత నేల?

ఉపగ్రహ చిత్రం చిన్న చిన్న గడులతో తయారైతది. ఒక గడిలో ఏమున్నా అంతా కలిపి ఒకే రంగు. యూరప్ వాళ్ల సెంటినెల్-2 చిత్రంలో గడి పది మీటర్లు, అంటే నూరు చదరపు మీటర్లు. మన గుంట 121 గజాలు, అంటే దాదాపు 101 చదరపు మీటర్లు. ఒక గడి ఒక గుంట అన్నట్టు. ఈ చిత్రాలు 2015 నుంచి ఎవరికైనా ఉచితంగా దొరుకుతున్నయి. అమెరికా వాళ్ల ల్యాండ్‌శాట్ గడి ముప్పై మీటర్లు, సుమారు తొమ్మిది గుంటలు. మన లిస్-3 కెమెరా గడి 23.5 మీటర్లు, సుమారు అయిదున్నర గుంటలు. 2005లో ఎగిరిన కార్టోశాట్-1 గడి రెండున్నర మీటర్లు, అందులో గట్టు కూడా గుర్తుపట్టొచ్చు.

దీన్ని బట్టి ఏ చిత్రం ఏ పనికి వస్తదో తెలుస్తది. మండలంలో సాగు ఎంత పెరిగింది, చెరువుల్లో నీళ్లు ఎన్ని నెలలు నిలిచినయి అని చూడటానికి పది మీటర్ల గడి బ్రహ్మాండంగా సరిపోతది. ఇద్దరు అన్నదమ్ముల గట్టు పంచాయితీ తేల్చడానికి అది పనికిరాదు. పనికిరాని చోట వాడి తీర్పు చెప్పేది అధికారి అయినా సరే, ఒప్పుకోవద్దు.

చెరువు హద్దు ఎక్కడ?

మనది గొలుసుకట్టు చెరువుల నేల. 2015 మార్చిలో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు లెక్కకు వచ్చినవి 46 వేలకు పైగా చెరువులు, కుంటలు. 2024 జూలైలో హైడ్రా ఏర్పడిన తర్వాత ఎఫ్‌టీఎల్ అనే మాట ఇంటింటా వినబడింది. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు పూర్తిగా నిండి, మత్తడి దుంకడానికి సిద్ధంగా ఉన్నప్పుడు నీళ్లు ఎంతదాకా నిలుస్తయో ఆ గీత. అంటే ఆ గీతను నిర్ణయించేది మత్తడి ఎత్తు.

కబ్జాదారుకు ఈ సంగతి మనకన్న ముందే తెలుసు. చెరువులో మట్టి పోయకుండానే చెరువును చిన్నగ చేయొచ్చు. మత్తడి మీద ఒక అడుగు తెగ్గొడితే చాలు. నూరు అడుగులకు ఒక అడుగు వాలు ఉన్న శిఖంలో నీళ్ల అంచు నూరు అడుగులు వెనక్కి పోతది. రెండు మూడేండ్ల తర్వాత ఉపగ్రహ చిత్రం తీసి "నీళ్లు ఇక్కడిదాకనే వస్తున్నయి" అంటడు. చిత్రం అబద్ధం చెప్పదు, కానీ తెగిన మత్తడి సంగతి అందులో కనబడదు.

ఇంకో సంగతి గమనించండి. 2012 నాటి 168 నంబరు జీఓ ప్రకారం పది హెక్టార్లు, అంతకన్న పెద్ద చెరువు అయితే ఎఫ్‌టీఎల్ నుంచి ముప్పై మీటర్లు కట్టడాలు లేకుండా వదలాలె. పది హెక్టార్ల లోపు అయితే తొమ్మిది మీటర్లే. పది హెక్టార్లు అంటే దాదాపు 24 ఎకరాల 28 గుంటలు. 26 ఎకరాల చెరువును నక్ష మీద 24 ఎకరాలు చేస్తే పోయేది రెండు ఎకరాలే అనుకోవద్దు. చుట్టూ ఉన్న ముప్పై మీటర్ల పట్టీ తొమ్మిదికి పడిపోతది. అందుకే గీత గీసేటప్పుడు మన మనిషి అక్కడ ఉండాలె.

ఎత్తుపల్లాల లెక్క కూడా అడగాలె. 2000 ఫిబ్రవరిలో అమెరికా అంతరిక్ష నౌక నుంచి తీసిన ఎత్తుల లెక్క ప్రపంచమంతా ఉచితంగా వాడుతున్నరు. అందులో కొన్ని మీటర్ల తేడా ఉండటం మామూలే. మన ఊరి కుంట కట్ట ఎత్తే రెండు మూడు మీటర్లు. ఆ లెక్కతో కుంటకు ఎఫ్‌టీఎల్ గీస్తే అది హద్దు కాదు, ఊహ. మత్తడి మీద లెవెల్ పరికరం పెట్టి, శిఖం చుట్టూ తిరిగి కొలిస్తేనే హద్దు నిలబడతది.

చిత్రం ఏ నెలదో కూడా చూడాలె. మే నెల చిత్రంలో సగం చెరువులు బీడు భూముల లెక్క కనబడతయి. అక్టోబర్ చిత్రం కావాలె. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ కాలనీలు మునిగినయి. నీళ్లు తమ పాత దారినే వెతుక్కున్నయి. అలాంటి ఏడాది చిత్రం మబ్బుల వల్ల దొరకదని చెప్తే నమ్మవద్దు. మబ్బుల్లోంచి చూసే రాడార్ ఉపగ్రహాలు ఉన్నయి, వాటి చిత్రాలు ఉచితంగా దొరుకుతయి.

1908 మూసీ వరద తర్వాత నిజాం సర్కారు జంట జలాశయాలు కట్టించింది. ఆ కాలంలోనే లియొనార్డ్ మన్ హైదరాబాద్ నగరాన్ని గల్లీ గల్లీ నక్ష గీయించిండు. వరద నుంచి పాఠం నేర్చుకుని ముందు నక్ష గీసుకున్న చరిత్ర మనది. 1996లో వచ్చిన 111 జీఓ జంట జలాశయాల కోసం 84 ఊళ్లలో ఆంక్షలు పెట్టింది. 2022 ఏప్రిల్‌లో 69 నంబరు జీఓ వాటిని సడలించింది. ఆ 84 ఊళ్ల రైతులకు న్యాయం జరగాలె, జలాశయాలకు వచ్చే వాగులూ బతకాలె. ఏ సర్వే నంబరులో వాగు ఉంది, ఏ నంబరులో లేదు అని నక్ష మీద చూపకుండా ఒక్క కలం పోటుతో ఆంక్ష పెట్టినా, ఒక్క కలం పోటుతో తీసేసినా నష్టపోయేది సామాన్యుడే.

పొరపాటు పడొద్దు. శిఖంలో పట్టా ఉన్న పేద రైతు మన శత్రువు కాదు. నీళ్లు తగ్గినప్పుడు సాగు చేసుకునే హక్కు ఆయనకు తరతరాలుగా ఉంది. కట్టడం కట్టే హక్కు మాత్రం ఎవరికీ లేదు. పర్మిషన్ చూసి, బ్యాంకు లోన్ తీసుకుని ఇల్లు కొనుక్కున్న మధ్యతరగతి మనిషి కూడా అడుగుతున్నడు: ఈ గీత రిజిస్ట్రేషన్ నాడే నాకెందుకు చూపలేదు? ఆ ప్రశ్న న్యాయమైంది.

అడవి అంటే ఏది?

దేశంలో అడవి లెక్క తీసేది డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా. రెండేండ్లకోసారి నివేదిక ఇచ్చే ఆ సంస్థ లెక్కలో ఒక హెక్టారు, అంతకు మించిన నేలలో చెట్ల నీడ పది శాతం దాటితే అది అడవి విస్తీర్ణమే. భూమి ఎవరిదన్నది చూడరు, చెట్టు ఏదన్నది చూడరు. నీలగిరి తోట, మామిడి తోట కూడా పచ్చగనే కనబడతది. కాబట్టి "అడవి పెరిగింది" అన్న వార్త చదివినప్పుడు ఏ అడవి అని అడగాలె.

పోడు రైతు మీద ఇదే చిత్రం తలకిందులుగా పనిచేస్తది. అటవీ హక్కుల చట్టానికి 2005 డిసెంబర్ 13 గీటురాయి. ఆనాటికి సాగులో ఉన్నట్టు ఆదివాసీ చూపాలె. ఆయన తన రెండెకరాల్లో ఇప్ప చెట్టు, తునికి చెట్టు కొట్టకుండా ఉంచిండు. అయిదున్నర గుంటల గడి ఉన్న చిత్రంలో ఆ చెట్ల పచ్చదనం చేను రంగును మింగేస్తది. "ఇది అడవి, నువ్వు సాగు చేయలేదు" అంటే? అడవిని కాపాడినందుకే హక్కు పోయినట్టు. అందుకే 2012లో సవరించిన నిబంధనలు స్పష్టంగా చెప్పినయి: ఉపగ్రహ చిత్రం ఇతర సాక్ష్యాలకు తోడు మాత్రమే, వాటికి బదులు కాదు. పెద్ద మనుషుల వాంగ్మూలం, పాత రసీదులు, బావి, సమాధి, గట్టు అన్నీ సాక్ష్యాలే. 2023 జూన్‌లో సుమారు నాలుగు లక్షల ఎకరాలకు పోడు పట్టాలు మొదలుపెట్టి ఇచ్చిండ్రు. రాని వాళ్లు, తిరస్కరించబడ్డ వాళ్లు ఉన్న ఊళ్లలో ఈ నిబంధన మన చేతిలో ఉండాలె.

2025లో కంచ గచ్చిబౌలి నాలుగు వందల ఎకరాల సంగతి చూసినం. రికార్డులో అది అడవి కాదు, సర్కారు భూమి అన్నరు. కానీ నేల మీద చెట్లున్నయి, నెమళ్లున్నయి, జింకలున్నయి. నకిలీ బొమ్మలు తిరుగుతున్నయని ప్రభుత్వం వాదించింది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపింది. ఇందులో మనకు రెండు పాఠాలున్నయి. కాగితం మీద పేరు లేనంత మాత్రాన నేల మీద ఉన్నది లేకుండా పోదు. రెండోది, ఎవరో పంపిన బొమ్మతో కొట్లాడొద్దు. ఏ ఉపగ్రహం, ఏ తేదీ అనేది చెప్పగలిగే చిత్రంతోనే కొట్లాడాలె.

హద్దు లేని పాస్‌బుక్

నిజాం కాలంలో గొలుసు పట్టి కొలిచి సేత్వార్ రాసిండ్రు, టీపన్ గీసిండ్రు, ఊరి నక్ష తయారుచేసిండ్రు. 1954-55లో ఖాస్రా పహాణీ వచ్చింది. 2017 సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా భూరికార్డుల ప్రక్షాళన జరిగింది, కానీ భూమి కొలవలేదు. కాగితం చూసి కాగితం రాసిండ్రు. 2020 అక్టోబర్‌లో ధరణి వచ్చింది. అందులో పేరుండేది, విస్తీర్ణం ఉండేది. బై నంబర్ల హద్దు చూపే నక్ష ఉండేది కాదు. సర్వే నంబరులో ఇరవై ఎకరాలుంటే పట్టాలన్నీ కలిపి ఇరవై మూడు ఎకరాలైన చోట్లు ఎన్నో. లేని మూడెకరాలు ఎవరి చేను కిందికి వస్తయి? బలహీనుడి చేను కిందికే.

2025 ఏప్రిల్ 14 నుంచి భూభారతి చట్టం అమల్లోకి వచ్చింది. భూమి చేతులు మారినప్పుడు నక్ష జతచేయాలన్నది ఇందులో మంచి మాట. నాలుగు వందలకు పైగా ఊళ్లకు అసలు నక్షే లేదని ప్రభుత్వమే ఒప్పుకున్నది. కొలవడం మొదలవుతున్నది కాబట్టి మనం మేలుకోవాల్సిన సమయం కూడా ఇదే.

పక్క రాష్ట్రం చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబర్‌లో డ్రోన్లతో, ఉపగ్రహ సంకేతాల కేంద్రాలతో రీసర్వే మొదలైంది. అది సెంటీమీటర్ల తేడాతో కొలిచే యంత్రాంగం. అయినా విస్తీర్ణం తగ్గిందని, హద్దు మారిందని రైతుల నుంచి పెద్దఎత్తున ఫిర్యాదులు వచ్చినయి, 2024లో మళ్లీ గ్రామసభలు పెట్టాల్సి వచ్చింది. డ్రోన్‌కు గట్టు కనబడతది. ఆ గట్టు మొన్న జరిపిందా, తాత నాడు పెట్టిందా అన్నది దానికి తెలవదు. అది చెప్పేది పక్క చేను రైతు, ఊరి పెద్దవ్వ. వాళ్లు లేకుండా కొలిస్తే కబ్జా కూడా సెంటీమీటర్లతో సహా పక్కా రికార్డు అయితది.

ప్రజాభిప్రాయ సేకరణ నాడు

ఓపెన్‌కాస్ట్ గని వస్తుంది, ఫ్యాక్టరీ వస్తుంది అన్నప్పుడు 2006 నోటిఫికేషన్ కింద పర్యావరణ ప్రభావ అంచనా నివేదిక తయారైతది. ప్రాజెక్టు చుట్టూ పది కిలోమీటర్ల భూమి వినియోగం ఉపగ్రహ చిత్రంతో చూపుతరు. సారాంశం తెలుగులో ఇవ్వాలె. ఆ రోజు మనోళ్లు ఆవేశంగా మాట్లాడుతరు, నినాదాలిస్తరు. నినాదం అవసరమే. దానితో పాటు ఈ ప్రశ్నలు కూడా రాతపూర్వకంగా ఇవ్వండి.

చిత్రం ఏ తేదీది? ఈ నివేదికలకు సాధారణంగా వానకాలం కాని ఒక సీజన్ లెక్కలు తీస్తరు. చెరువుల ఊర్లో ఎండకాలం లెక్కతో నీళ్ల సంగతి ఎట్ల తేలుస్తరు? మా ఊరి కుంటలు పేరు పేరునా నక్షలో ఉన్నయా? ఒర్రెను మళ్లిస్తే కింది చెరువుకు వచ్చే నీళ్లు ఎంత తగ్గుతయి? మట్టి దిబ్బల మీది వాన నీళ్లు ఎటు పోతయి? గైరాన్ భూమిని "బంజరు" అని ఎందుకు రాసిండ్రు, అందులో మా గొర్లు మేస్తలేవా? రాసి ఇచ్చిన ప్రశ్న రికార్డులో ఉంటది, రేపు కోర్టులో మాట్లాడతది.

మనం చేయాల్సింది

ప్రతి ఊరికీ ఒక నక్ష బృందం కావాలె. ముందుగా ఊరి నక్ష, సేత్వార్, ఖాస్రా పహాణీ నకళ్లు తీసుకోండి. ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. శిఖం, గైరాన్, బొందలగడ్డ, బండ్ల బాట అని రాసి ఉన్న నంబర్లన్నీ వేరే రాసుకోండి.

తర్వాత పెద్దోళ్లను తోలుకుని ఊరంతా నడవండి. నీరడి పని చేసినోళ్లు, గొర్లు కాసేటోళ్లు, నాట్లేసే ఆడోళ్లు, వీళ్లకు తెలిసినంత ఏ ఇంజనీరుకూ తెలవదు. మత్తడి, తూము, కాలువ, ఒర్రె, హద్దురాయి దగ్గర ఫోన్‌లో జీపీఎస్ పాయింట్ తీసుకుని పేరు రాసుకోండి. ఫోన్ జీపీఎస్‌లో అయిదు మీటర్ల దాకా తేడా వస్తది. ఫలానా చోట ఫలానాది ఉందని చెప్పడానికి చాలు. గట్టు పంచాయితీకి వాడొద్దు.

డిగ్రీ చదివే పిల్లల్లో ఇద్దరికి క్యూజీఐఎస్ నేర్పించండి. అది పైసా ఖర్చు లేని సాఫ్ట్‌వేర్. మూడు ఊళ్ల హద్దు రాళ్లు కలిసే చోట్లను ఆధారం చేసుకుని పాత నక్షను కుదిర్చి, దాని మీద మే నెల చిత్రం, అక్టోబర్ చిత్రం, బాగా వానలు పడ్డ ఏడాది చిత్రం పరవండి. తేడా వచ్చిన ప్రతి చోటా నేల మీదికి పోయి చూసి రండి. చివరికి ఆ నక్షను గ్రామసభలో పెట్టి, అభ్యంతరాలు విని, తీర్మానం చేసి, పంచాయతీ గోడకు వేలాడదీయండి. అది సర్కారు నక్ష కాదని కొట్టిపారేస్తరు. కొట్టిపారేయనీయండి. తమ నక్ష ఎందుకు వేరేగా ఉందో వాళ్లు చెప్పాల్సి వస్తది, చాలు.

ప్రభుత్వాన్ని మనం అడిగేవి నాలుగే. ప్రతి చెరువు ఎఫ్‌టీఎల్ గీత, దాన్ని కొలిచిన మత్తడి లెవెల్‌తో సహా, ఎవరైనా చూసుకునేటట్టు పెట్టాలె. ఆ గీతను రిజిస్ట్రేషన్ ఆఫీసుకు కలపాలె. గ్రామసభ ముందు చదివి వినిపించకుండా ఏ సర్వేనూ ఖరారు చేయొద్దు. పర్యావరణ నివేదికల్లో బొమ్మలు కాదు, వాటి వెనుక ఉన్న జీఐఎస్ డేటా ఇవ్వాలె.

మన నీళ్లు ఎటు పోయినయో నక్ష చూసి కనిపెట్టినోళ్లం మనం. మన భూమి ఎటు పోతున్నదో కూడా నక్ష చూసే కనిపెడదాం. వచ్చే వానకాలం మత్తడి దుంకే లోపు ప్రతి ఊరిలో ఈ పని మొదలు కావాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నం.

జై తెలంగాణ!